కాలువ చివర, కుళాయి చివర ఒకటే కథ

నంద్యాల: తిప్పగానే కుళాయిలో నీళ్లు వస్తే వాటి గురించి ఎవరూ ఆలోచించరు. రాని రోజునే ఆడవాళ్లు బిందెలతో వీధిలోకి వచ్చి, ఆ నీళ్లు ఎక్కడివి, ఎవరు వదులుతారు, ఎందుకు ఆగాయి అని అడుగుతారు. పట్నాల్లోని నీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు జనం బతుకును ఎలా నడిపిస్తున్నాయో పరిశీలిస్తున్న పండితులు కూడా ఈ మాటే చెబుతున్నారు. ఇలాంటి ఏర్పాట్లు చెడిపోయినప్పుడే మనిషి కంటికి ఆనుతాయని అమెరికా పరిశోధకురాలు సూసన్ లీ స్టార్ 1999లో రాశారు.

ఇది పట్నం వాళ్ల గొడవ, పల్లెకేం పని అనుకోవడానికి వీల్లేదు. ఒక మహానగరం కుళాయికి నీరు నంద్యాల జిల్లా పొలాల పక్క నుంచే పోతోంది. పైగా ఇప్పుడు పల్లె ఇళ్లకూ గొట్టాలు వస్తున్నాయి.

మద్రాసు నీళ్లు ఈ దారినే

మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణా నీటిలో తమ తమ వాటా నుంచి 5 టి.ఎం.సి.ల చొప్పున, మొత్తం 15 టి.ఎం.సి.లు ఇవ్వడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో ఒప్పుకున్నాయి. దారిలో పోయేది పోగా సరిహద్దు వద్ద 12 టి.ఎం.సి.లు అందాలన్నది లెక్క. 1983లో తెలుగుగంగ పథకానికి ప్రారంభోత్సవం జరిగింది. మద్రాసు వైపు మొదటిసారి కృష్ణా నీరు చేరింది 1996లో.

శ్రీశైలం జలాశయం నీరు జూపాడుబంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరి బానకచర్లకు, అక్కడి నుంచి వెలుగోడు జలాశయానికి వస్తుంది. తర్వాత ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగా కడప జిల్లాలో ప్రవేశించి సోమశిల, కండలేరు చేరి చివరకు తమిళనాడులోని పూండి చెరువులో పడుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది 854 అడుగులకంటే దిగితే పోతిరెడ్డిపాడు వద్ద చాలినంత నీరు అందదు. ఆళ్లగడ్డ రైతుకూ, చెన్నపట్నంలో బిందె పట్టిన ఇల్లాలికీ అక్కడి కొలబద్ద ఒక్కటే.

2019 వేసవిలో చెన్నైకి నీరిచ్చే చెరువులు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీరు తెప్పించుకోవలసి వచ్చింది. అన్ని హంగులున్న నగరం కూడా పైనున్న నదిని, మధ్యనున్న కాలువను నమ్ముకునే బతుకుతోందని ఆ వేసవి తేటతెల్లం చేసింది.

ముంబయిలో తేలిన సంగతి

ముంబయి నీటి సరఫరాపై ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి వాడవాడలా తిరిగి పుస్తకాలు రాశారు. లీసా బ్యోర్క్‌మన్ పుస్తకం 2015లో, నిఖిల్ ఆనంద్ పుస్తకం 2017లో వెలువడ్డాయి. నేల కింది గొట్టంలో నీరు ఎటు నుంచి ఎటు పోతున్నదో ఇంజనీర్లకే పూర్తిగా తెలియదని బ్యోర్క్‌మన్ గమనించారు. అక్కడ చాలా వాడలకు రోజులో కొన్ని గంటలే నీరు. పెద్ద ఇనుప చెవితో వాల్వులు తిప్పుతూ వాడ తర్వాత వాడకు నీరు వదిలే సిబ్బంది ఉన్నారు. వారు ఏ వేళకు తిప్పుతారో, గొట్టంలో ఎంత ఒత్తిడి ఉంటుందో దాన్ని బట్టే ఇంటి ఆడవాళ్లు నిద్ర లేచే వేళ ఉంటుంది. మురికివాడల వారు నీటి ఒత్తిడి కోసం నాయకుల మీద ఒత్తిడి తేవలసి వస్తోందని ఆనంద్ వివరించారు.

ఆ నగరానికి నీరిచ్చే పెద్ద జలాశయాల్లో కొన్ని ఠాణే జిల్లాలో ఉన్నాయి. అదే జిల్లా షాహాపూర్ తాలూకాలోని పలు పల్లెలకు వేసవిలో ట్యాంకర్లే దిక్కు. జలాశయం పక్కనున్నంత మాత్రాన గొంతు తడవదని దీన్నిబట్టి అర్థమవుతోంది.

ఈ జిల్లాలోనే జరిగిన పరిశోధన

ఇంతకంటే ముందే ఈ సీమ కాలువల మీద ప్రపంచమంతా చదివిన పరిశోధన ఒకటి జరిగింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర నాటి కర్నూలు జిల్లాలో 41 గ్రామాలను పరిశీలించి 1988లో పుస్తకం వెలువరించారు. ఊళ్ల అసలు పేర్లు ఆయన బయటపెట్టలేదు. పుస్తకంలోని 'కొత్తపల్లె' మారుపేరే తప్ప, ఆ పేరున్న ఊరు కాదు.

కొన్ని ఊళ్లలో సర్కారు పంచాయతీతో నిమిత్తం లేకుండా రైతులే ఒక పెద్దల సభ నడుపుకుంటున్నట్లు ఆయన కనుగొన్నారు. పంట కాపాడేందుకు కావలివారిని, అందరి పొలాలకూ వంతు ప్రకారం నీళ్లు కట్టేందుకు మనుషులను ఆ సభే నియమించేది. కోతలయ్యాక బీళ్లలో గొర్రెల మేతను వేలం వేసి ఊరుమ్మడి సొమ్ము కూడబెట్టేది. నీళ్లు కట్టే మనిషికి తన పొలం, పరాయి పొలం అన్న తేడా ఉండకూడదన్నది నియమం.

అయితే అన్ని ఊళ్లూ ఇలా లేవు. కాలువ మొదట్లో ఉండి నీటికి కొదవలేని ఊళ్లకు ఈ ఏర్పాటు అక్కర లేకపోయింది. నీరు అందీ అందని చివరి ఊళ్లే ఎక్కువగా కట్టుబాటుకు వచ్చాయి. కులం, మంచితనం, నాయకుడి గొప్పతనం కాదు, పంట పోతుందన్న భయమే రైతులను కలిపిందని వేడ్ తేల్చారు. ఆ సభలో పెత్తనం భూమి ఎక్కువున్న వారిదేనన్న సంగతినీ ఆయన దాచలేదు. కాలువల శాఖలో కోరిన చోటికి బదిలీల కోసం డబ్బు చేతులు మారే తీరును 1982 నాటి మరో వ్యాసంలో వివరించారు.

పట్నంలో కట్టుబాటేది?

ఇక్కడే పల్లెకూ పట్నానికీ తేడా వస్తోంది. కాలువ గట్టున నీరు దొంగిలిస్తే పక్క రైతు కంటపడుతుంది. గొట్టం నేల కింద ఉంటుంది. మొదటి ఇంటి వారు కుళాయికి మోటారు బిగిస్తే వీధి చివరి ఇంటికి చుక్క రాదు. ఎవరిని అడగాలో ఆ ఇంటి వారికి తెలియదు. కలిసి అడగడం కన్నా ఎవరి బోరు వారు వేసుకోవడం, ఎవరి ట్యాంకరు వారు పిలుచుకోవడం సులువనిపిస్తుంది. డబ్బున్న వారికి అది చెల్లుతుంది. లేని వారు బిందెతో నిలబడతారు.

2011 నాటికే నంద్యాల జనాభా 2 లక్షలు దాటింది. ఆళ్లగడ్డ కూడా పురపాలక పట్టణమైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక కార్యాలయాలు, వాటి వెంట ఇళ్లు పెరిగాయి. ఊరు పెరిగే కొద్దీ గొట్టానికి చివర మరింత దూరం జరుగుతుంది. కొత్త కాలనీ వారే ఆ చివరి ఆయకట్టు.

పల్లెలకూ ఇదే పరీక్ష

ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌ను కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించింది. పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది లక్ష్యం. గొట్టం వేసే ఖర్చుకు ప్రభుత్వ నిధులున్నాయి. వాల్వు తిప్పే మనిషికి జీతం, పగిలిన గొట్టానికి అతుకు, మోటారు దొంగలకు జరిమానా ఎవరు చూస్తారన్నది ఊరే తేల్చుకోవాలి. పథకం నిబంధనల ప్రకారం గ్రామ నీటి కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. ఇది మంచి నిబంధన. వెనుకటి పెద్దల సభల్లో నీళ్లు మోసే వారికి చోటు లేదు.

సాగునీటి విషయంలో 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. చట్టం సంఘానికి పేరు ఇస్తుందే కానీ కట్టుబాటు ఇవ్వదు. తూము దగ్గర నమ్మకమైన మనిషి, అతనికి వేళకు కూలి, అందరికీ తెలిసిన వంతు, తప్పు చేస్తే ఎవరైనా సరే జరిమానా ఉన్న ఊళ్లకే చివరి మడి వరకు నీరు పారింది. కుళాయికీ ఇవే కావాలి.

కాబట్టి ఊరికి గొట్టాలు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లకు కుళాయి బిగించారని మాత్రమే అడిగితే చాలదు. వీధి చివరి ఇంటికి ఏ వేళకు, ఎన్ని బిందెలు వస్తున్నాయని గ్రామసభలో అడగాలి. ఆ లెక్క చావిడి గోడ మీద రాయించుకోవాలి. తిప్పే వాడి పేరు ఊరందరికీ తెలిసినప్పుడే నీరు చివరికి చేరుతుంది.