హాస్టల్ లేదంటే హాస్టలే పెట్టిన విద్యార్థిని

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు టీచర్‌ని అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. "మేడమ్, మావాడు డిగ్రీలో చేరాక ఎన్ఎస్ఎస్ అంటాడు, క్లాస్ రిప్రజెంటేటివ్ అంటాడు, ఆదివారం కూడా ఇంట్లో ఉండటం లేదు. ఇవన్నీ చేస్తే మార్కులు వస్తాయా?" టీచర్ నవ్వి ఏదో సర్దిచెప్పారు. వెనక వరసలో కూర్చున్న నేను నవ్వలేకపోయాను. అదే ప్రశ్న ఏడాది పాటు మా ఇంట్లో రోజూ భోజనాల దగ్గర వినపడింది.

మా అమ్మాయి ఈ స్కూల్లోనే పదో తరగతి చదివింది. ఇప్పుడు డిగ్రీ. మా అబ్బాయి ఇక్కడే తొమ్మిది. ఈ పేజీలో సాధారణంగా ర్యాంకుల గురించి, పరీక్షల ముందు తిండీ నిద్రా గురించి రాస్తుంటారు. నేను కాలేజీకి వెళ్లిన తర్వాతి సంగతి రాస్తున్నాను. మనం ఇక్కడ నేర్పి పంపినదీ, నేర్పకుండా పంపినదీ అక్కడే బయటపడుతుంది.

ముందు ఒక పాత కథ చెప్పాలి. మనవాళ్లకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తెలుసు. కాకినాడ కాంగ్రెస్ సభలు, ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు, టిక్కెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసిన చిన్నపిల్ల. 1923లో జరిగిన ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో కూడా వచ్చింది. అప్పుడు ఆమె వయసు పద్నాలుగేళ్లు. నిజానికి నాకు ఆమె కథలో అంతకంటే నచ్చిన భాగం తర్వాత ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లి, మదురైలో ఒంటరి గదిలో ఉండి, బయటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని రాజకీయాలకు దూరంగా జరిగి పుస్తకాలు పట్టుకోవడం. అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. పాతికేళ్లు దగ్గరపడుతున్న వయసులో బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. ఇంటర్ అయ్యాక రాజనీతిశాస్త్రం చదువుతానని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, చేర్చుకోవడం కష్టం అన్నారు. ఆయన చెడ్డవారేమీ కాదు. మొన్న మొన్నటిదాకా మన చుట్టుపక్కల కాలేజీల్లో కూడా ఆడపిల్లలకు చెప్పిన మాట అదే.

ఆమె బతిమాలలేదు, ధర్నా కూడా చేయలేదు. పత్రికలో ప్రకటన ఇచ్చింది. చదువుకోవాలని ఉండీ హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని అడిగింది. కొందరు రాశారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక చేర్చుకోకుండా ఉండటానికి కారణం మిగల్లేదు. ఆమె అక్కడే బీఏ, ఎంఏ పూర్తి చేసింది. 1942లో మద్రాసులో లా కూడా అయింది. ఈలోపే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్‌కు సిద్ధం చేయడం ఆ సభ తొలి పనుల్లో ఒకటి. అంటే తను ఎక్కిన మెట్టు దగ్గరే నిలబడి వెనకవాళ్లకు చెయ్యి అందించింది. ఆ తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్ష పదవి, 1975లో పద్మవిభూషణ్. అవన్నీ గూగుల్‌లో దొరుకుతాయి. నాకు కావలసింది ఆ ప్రకటన.

ఆ సమయంలో ఆమెకు ఏ పదవీ లేదు. యూనివర్సిటీలో ఇంకా సీటు కూడా లేదు. 'నాకు లేనిది ఇంకెవరికి లేదు?' అన్న ప్రశ్న ఒకటి మాత్రం ఉంది. మనం పిల్లలకు నాయకత్వం అని ఇస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటోందని నా అనుమానం. ప్రతి జూన్‌లో హెడ్ బాయ్, హెడ్ గర్ల్, నాలుగు రంగుల హౌస్‌లకు కెప్టెన్లు, భుజాన అడ్డంగా పట్టీ, ప్రమాణం, ఫోటో. ఆ ఫోటో ఈ న్యూస్‌లెటర్‌లోనే వస్తుంది, మనం స్టేటస్‌లో పెట్టుకుంటాం. నేనూ పెట్టాను. మార్చి దాకా ఆ కెప్టెన్ చేసే పని అసెంబ్లీలో లైన్లు సరిచేయడం. పిల్లల తప్పేం లేదు, అంతకుమించి మనం ఏమీ అడగలేదు.

కాలేజీకి వెళ్తే ఇంకా తక్కువ. మన రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు జరిగి దశాబ్దాలైంది. గొడవలు, కొట్లాటలు, పార్టీల డబ్బు చూసి పెద్దవాళ్లు విసిగిపోయిన మాట నిజం. పల్నాడులో ఉంటూ ఎన్నికలంటే భయం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. దేశం మొత్తానికీ లింగ్డో కమిటీ 2006లోనే నియమాలు రాసింది. పోటీ చేసేవాడికి 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అంటే చదివేవాడే నాయకుడు కావాలని అందులోనే ఉంది. సుప్రీంకోర్టు ఒప్పుకుంది కూడా. మన దగ్గర కాగితం మీదే ఉండిపోయింది. ఆ తలుపు మూసుకుపోయాక పిల్లలకు మిగిలినవి చిన్న చిన్న కిటికీలు. హాస్టల్లో మెస్ కమిటీ, క్లాస్ రిప్రజెంటేటివ్, ఎన్ఎస్ఎస్.

మన విజయపురి సౌత్‌లో ఉండేవాళ్లకు గురుకుల డిగ్రీ కాలేజీ పిల్లలు కొత్త కాదు. ఎంట్రన్స్ రాసి ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చినవాళ్లు. ఇంటికి దూరంగా నలుగురితో ఒక గదిలో ఉండే పిల్లవాడు, పప్పులో నీళ్లెక్కువయ్యాయని అందరి తరఫునా వార్డెన్‌తో మర్యాదగా, గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నాడంటే, ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసూ అంత నేర్పదని నా అభిప్రాయం.

ఎన్ఎస్ఎస్ సంగతికి వద్దాం. గాంధీజీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. వాలంటీర్ ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, రెండేళ్లకు 240, మధ్యలో ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. ఆ నాన్నగారి ప్రశ్నకు లెక్క వేసి చూశాను. 120 గంటలను 365 రోజులకు పంచితే రోజుకు ఇరవై నిమిషాలు. మన పిల్లలు ఫోన్‌లో రీల్స్ చూసే సమయంతో పోల్చమని నేను అనను, ఎవరింటి సంగతి వాళ్లకు తెలుసు.

ఇప్పుడు డిగ్రీలో ఇది ఇష్టంతో చేసే పని మాత్రమే కాదు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి వచ్చిన డిగ్రీ సిలబస్‌లో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి చేశారు. 180 గంటలు. ఏదో ఒక ఊరో వార్డో ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, ఒక సమస్య పట్టుకుని, లాగ్‌బుక్ రాసి, రిపోర్ట్ ఇవ్వాలి. దానికి క్రెడిట్లు ఉన్నాయి.

ఇక్కడ నా సంగతి ఒప్పుకోవాలి. మా అమ్మాయి ప్రాజెక్ట్ మే నెలలో పడింది. పల్నాడు మే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఒక జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టులు దొరుకుతాయని, పేరు, హాల్ టికెట్ నంబర్ మార్చి బైండింగ్ చేసి ఇస్తారని ఎవరో చెప్పారు. నేనే దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "ఎండలో ఎక్కడ తిరుగుతావే, అందరూ అదే చేస్తున్నారు, ఆ టైమ్‌లో రెండో ఏడాది సబ్జెక్టులు చూసుకో." అది నా ముఖం చూసి, "అమ్మా, టెన్త్‌లో రికార్డ్ వర్క్ కాపీ కొట్టానని నువ్వే కదా రెండు రోజులు మాట్లాడలేదు" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి మాచర్ల దారిలో లోపలికి ఉన్న ఒక తండాకు వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున ఆరుకే బయల్దేరి పదికి వచ్చేది. మొదటి వారం నీళ్లు, మరుగుదొడ్లు, రేషన్ కార్డులు అని ఫారం నింపుకుని వచ్చేవాళ్లు. రెండో వారం ఫారంలో లేని సంగతి కంటపడింది. పదో తరగతి పాసై ఇంటి దగ్గరే ఉండిపోయిన అమ్మాయిలు ఆరుగురు. పెళ్లి చేస్తారేమో, డబ్బుల్లేవేమో అని వీళ్లు అనుకున్నారు. అడిగితే వాళ్లు చెప్పింది బస్సు సంగతి. పొద్దున బస్సు కాలేజీ గంట కొట్టిన అరగంటకు వస్తుంది. ముందు నడిచి రోడ్డెక్కాలంటే మధ్యలో మనుషులు లేని దారి. ఆరుగురి అమ్మానాన్నలూ విడివిడిగా ఒకే భయంతో ఆపేశారు. ఆరు ఇళ్లలోనూ అది తమ ఒక్కరి సమస్యే అనుకున్నారు.

బస్సు వేళ మార్చమని అర్జీ రాశారు. మారలేదు. అప్పుడు మా అమ్మాయి కాదు, ఆ ఆరుగురిలోనే ఒక పిల్ల అడిగిందట, "అక్కా, అందరం కలిసి ఆటో మాట్లాడుకుంటే?" అని. ఆరు ఇళ్ల పెద్దవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి, తండాలోనే ఆటో ఉన్న మనిషితో నెలకు ఇంత అని మాట్లాడారు. ఇద్దరి నాన్నలు ఒప్పుకోలేదు. నలుగురు ఆ జూన్‌లో ఇంటర్‌లో చేరారు.

ఇది చదివి మా అమ్మాయిని పొగడకండి. ఆ తర్వాతి సెమిస్టర్‌లో దానికి స్టాటిస్టిక్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. తండాకు వెళ్లడం ప్రాజెక్ట్ అయిపోయాక కూడా ఆపలేదు, ఆ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తానని ఆదివారాలు పోయేది. వాళ్ల నాన్నకు కోపం వచ్చింది. రీయింబర్స్‌మెంట్ మీద చదివే ఇంట్లో సబ్జెక్ట్ తప్పితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కోపం అన్యాయమైందని నేను అనను. మన భయాలు ఊరికే పుట్టినవి కావు. ఆ రోజు నేను దుర్గాబాయి కథ ఇంకో వైపునుంచి చెప్పాల్సి వచ్చింది. జైలునుంచి వచ్చాక ఆమె కొన్నేళ్లు పక్కకు జరిగి చదువుకున్న సంగతి. సేవ చేసేవాళ్లకు మార్కులు వాటంతటవే వస్తాయని ఎవరైనా స్టేజీ మీద చెబితే నమ్మకండి. రావు. దేనికి ఎప్పుడు ఎంత సమయం ఇవ్వాలో తేల్చుకోవాలి, అది తేల్చుకోవడం కూడా ఆ పిల్లే నేర్చుకోవాలి. ఆదివారాలు నెలకు రెండు చేసుకుంది, మిగతా రెండు స్నేహితురాళ్లు పంచుకున్నారు. స్టాటిస్టిక్స్ మళ్లీ గాడిలో పడుతోంది. పూర్తిగా పడిందని చెప్పలేను.

మన స్కూల్ పిల్లలను ఎప్పుడో ఒకప్పుడు లాంచీలో నాగార్జునకొండ తీసుకెళ్తారు. ఫోటోలు దిగి, జామకాయలు తిని వస్తారు. ఈసారి వెళ్తే బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం గురించి చెప్పమని టీచర్లను కోరుతున్నాను. పదిహేడు వందల ఏళ్ల కిందట, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిగా ఈ లోయ వెలుగుతున్న రోజుల్లో, ఒక మామూలు గృహిణి తను చేసినవన్నీ రాతి మీద చెక్కించింది. ఫలానా చోట చైత్యగృహం, ఫలానా చోట బోధివృక్షానికి గుడి, ఒక చోట చెరువు, ఇంకో చోట మూడు గదులు, మరో చోట ఏడు గదులు. తాను గొప్పదాన్నని ఎక్కడా లేదు, ఎక్కడ ఏం కట్టించిందో ఉంది. అసలైన లాగ్‌బుక్ అంటే అదీ. పుట్టింటి వాళ్ల, మెట్టింటి వాళ్ల పేర్లన్నీ కూడా వరసపెట్టి చేర్చిందనుకోండి, అది మనవాళ్లకు అప్పుడూ తప్పలేదు.

ఈ జూన్‌లో మా అబ్బాయికి హౌస్ కెప్టెన్ బ్యాడ్జ్ ఇచ్చారు. ఏం చేస్తావురా అంటే, "లైన్లు చూస్తా" అన్నాడు. వాళ్ల అక్క ఒక తెల్ల కాగితం ఇచ్చి, మీ హౌస్‌లో ఎవరికి ఏం ఇబ్బందో అడిగి రాసుకురమ్మంది. వారం తిరిగాక కాగితం తెచ్చాడు. మూడు ఉన్నాయి. పై అంతస్తులో తాగే నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. ఆరో తరగతి పిల్లలు కొందరు సాయంత్రం స్టడీ అవర్ అయ్యేసరికి ఆకలితో ఉంటున్నారు. మూడోది అమ్మాయిలు రాసిచ్చారట, మడత పెట్టి ఉంది, వాడు విప్పలేదు, నేనూ విప్పలేదు.

ఆ కాగితం వచ్చే శనివారం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తుంది. వాడొక్కడే వెళ్తానన్నాడు.