కండను చూసేవారు తల్లి ఆవునూ చూడాలి

కొండల్లాంటి తొడలతో నిలబడిన బెల్జియన్ బ్లూ జాతి ఆబోతుల చిత్రాలు పశుపోషకుల ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి చేరుతూ, అటువంటి వీర్యం మన ఊళ్లకూ రావాలన్న కోరికను రేపుతున్నప్పుడు, ఆ దూడలను మోసే తల్లి ఆవు గురించి ఒక్క మాటైనా వినబడకపోవడం బాధాకరం.

జంతువుల దేహంలో కండ మితిమీరి పెరగకుండా ఆపే మయోస్టాటిన్ అనే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్‌కు ఆధారమైన జన్యువును తొలగిస్తే ఎలుకల కండరాలు రెండు మూడు రెట్లు పెరుగుతాయని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో చూపగా, బెల్జియన్ బ్లూ పశువుల్లో అదే జన్యువు నుంచి 11 డీఎన్ఏ అక్షరాలు జారిపోయాయని ఆ ఏడాదే తేలింది. కండను కూర్చే సన్నని పోగుల సంఖ్య చాలావరకు గర్భంలోనే స్థిరపడుతుంది, పుట్టిన తర్వాత అవి లావెక్కుతాయే కాని సంఖ్య అంతగా మారదు. కాబట్టి అడ్డు తొలగిన దూడ తల్లి కడుపులోనే బరువెక్కుతుంది. తల్లిదీ అదే జాతి కావడంతో దాని కటి మార్గం ఇరుకుగా ఉండి, ఆ జాతిలో 90 శాతానికి పైగా ఈతల్లో పొట్ట కోసి దూడను తీయవలసి వస్తున్నది. సహజంగా ఈనలేని ఆవును తరతరాలుగా ఎంచి పెంచడాన్ని పశు అభివృద్ధి అనడం అన్యాయం.

ఈ నేరాన్ని జన్యువు మీదకు నెట్టడానికి వీల్లేదు. ఇటలీలోని పీడ్‌మాంటీస్ జాతిలో అదే జన్యువులో ఒక్క అక్షరం మారి మయోస్టాటిన్ పనిచేయడం మానినా, అక్కడివారు సులువుగా ఈనే గుణాన్ని కూడా ఎంపికలో చేర్చడం వల్ల ఆవులకు ఆ కష్టం చాలా తక్కువ. తేడా మనుషుల ఎంపికలో ఉంది.

ఎంపిక అనగానే ఒంగోలు జాతి దుస్థితి గుర్తుకు రాకమానదు. మన తీరం నుంచి వెళ్లిన ఆ పశువులను బ్రెజిల్ పెంపకందారులు నెల్లూరు పేరుతోనే పిలుస్తూ, పుట్టిన దూడల బరువులను, పెరుగుదలను తరతరాలుగా నమోదు చేసి, 20 కోట్లకు పైబడిన తమ పశుసంపదలో దానికి అగ్రస్థానం కల్పించారు. మన దగ్గరేమో గుంటూరు లాం ఫారం వంటి కొద్ది చోట్ల తప్ప, ఏ ఆవు ఎప్పుడు ఈనిందో, దూడ ఎంత తూగిందో రాసిపెట్టే అలవాటే లేదు. బండలాగుడు పోటీలో గెలిచిన ఎద్దుకు దక్కే గౌరవంలో పదో వంతైనా, ఏటా ఇబ్బంది లేకుండా ఈనే ఆవుకు దక్కదు. లెక్కలు రాయని మందలో ఎంత గొప్ప జన్యువున్నా గుర్తించేవారుండరు.

పశుసంవర్ధక శాఖ, పల్లెల్లో ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు, ప్రతి ఈతకూ దూడ బరువుతో పాటు ఆవు సుఖంగా ఈనిందా లేదా అన్నది తప్పక నమోదు చేయాలి. కండను చూపి వీర్యం అమ్మవచ్చేవారిని రైతు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.