కంచే చేను మేస్తే...

తెల్లారి లేవగానే వేళ్లు ముడుచుకోవు. ముగ్గు పిండి చిటికెలో నిలవదు. జడ వేయమని కూతురొచ్చి కూర్చుంటే "కాసేపు ఆగవే" అనాల్సి వస్తుంది. పొద్దెక్కి నాలుగు పనులు చేశాక వేళ్లు కాస్త సర్దుకుంటాయి. దాంతో ఇంట్లోవాళ్లకే కాదు, మనకే అనుమానం: ఇది జబ్బా, బద్ధకమా?

బద్ధకం కాదు. కచ్చితంగా కాదు.

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్లకీ, పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్లకీ, గుడివాడ చుట్టుపక్కల నాట్లు వేసేవాళ్లకీ, దివిసీమలో మినుము చేలు పీకేవాళ్లకీ వేళ్లే పెట్టుబడి. అందుకే వేళ్లు నొప్పెడితే "పనెక్కువైంది" అని సరిపెట్టుకుంటాం. నలభై దాటితే "వయసొచ్చింది" అంటాం. బాలింతైతే "వాతం చేసింది" అని వంకాయ, గోంగూర మాన్పించేస్తాం. 2005-06లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని చుట్టేసి ఎందరినో నెలల తరబడి కీళ్లనొప్పులతో కూర్చోబెట్టాక, ఆ నెపం ఒకటి తోడైంది. ఇన్ని సమాధానాలు ఇంట్లోనే దొరుకుతుంటే ఇక డాక్టరు దగ్గరికి వెళ్లేదెవరు?

మోకాళ్ల అరుగుదల వేరు, మనం చెప్పుకునే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ముప్ఫైల్లో, నలభైల్లో, ఒక్కోసారి కాన్పయిన ఏడాదిలోనే మొదలవుతుంది.

ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రబడి వాస్తుంది కదా. అక్కడి కణాలు "రండి, శత్రువు వచ్చాడు" అని రక్షక కణాలకు కబురు పంపడం వల్ల జరిగే పని అది. ఆ కబురు మోసే చిన్న చిన్న ప్రొటీన్లే సైటోకైన్లు. ముల్లు తీసేశాక కబుర్లు ఆగిపోతాయి, వాపు తగ్గుతుంది. ఈ జబ్బులో మాత్రం కబురు ఆగదు. శత్రువు లేకపోయినా టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు కీలు లోపలి పొరలో పోగవుతూనే ఉంటాయి. పొర ఉబ్బి, మెత్తటి ఎముకనీ దాని కింది గట్టి ఎముకనీ కొరుక్కు తింటుంది. కాపలా కాయాల్సిన కంచే చేను మేయడమంటే ఇదే.

అవి కీలులోనే ఉండిపోవు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. నీరసం, ఆకలి మందగించడం, ఒళ్లు వెచ్చబడటం, రక్తం తగ్గడం అందువల్లే. "ఎప్పుడూ పడుకునే ఉంటుంది" అని కోడల్ని తప్పుపట్టే ముందు ఈ మాట గుర్తు చేసుకోవాలి.

పొద్దున్నే కీళ్ల బిగుతు అరగంట, గంట దాటి ఉంటోందా? రెండు చేతుల వేళ్ల కణుపులూ, మణికట్లూ వాస్తున్నాయా? ఇలా ఆరు వారాలుగా ఉందా? అయితే ఆలస్యం చేయకండి. తొలి నెలల్లో మొదలుపెట్టిన వైద్యమే కీలును కాపాడుతుంది. ఒకసారి వంకరపోయిన వేలిని మందు తిన్నగా చేయలేదు. వీధి చివర వేయించుకునే సూదిమందుతో నొప్పి తగ్గొచ్చు. కానీ అందులో ఏముందో తెలియకుండా స్టెరాయిడ్ పదే పదే వేయించుకుంటే సుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి బిళ్లలు నొప్పిని తగ్గిస్తాయే తప్ప కీలు కరిగిపోవడాన్ని ఆపవు.

ఆపే మందుల్లో మొదటిది మెథోట్రెక్సేట్. దాని వెనక మన తెలుగువాడున్నాడు. గుడివాడలో రైలెక్కితే కైకలూరు దాటాక వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోనే ఈ మందూ, దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడూ తయారయ్యాయి. కేన్సర్ కోసం పుట్టిన మందు, చిన్న మోతాదులో కీళ్లను కాపాడుతోంది. ఖరీదూ తక్కువే. అయితే ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు వాడకూడదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. రక్తపరీక్షలు మానకూడదు. దీనికి లొంగకపోతే నేరుగా టీఎన్ఎఫ్‌నే అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి. వాటి ఖర్చు ఎక్కువ. లోపల నిద్రపోతున్న క్షయను అవి లేపే ప్రమాదముంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించాలి.

నాగాయలంక నుంచి బందరుకో, విజయవాడకో వెళ్లి రావాలంటే బస్సు చార్జీతో పాటు ఒక రోజు కూలీ పోతుంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడం కాస్త ఊరట. కానీ అక్కడిదాకా పంపాల్సింది ఇల్లే. గేదె మేత మానేస్తే ఆ పూటే డాక్టరును పిలిపిస్తాం. ఇల్లాలు చెంబు ఎత్తలేకపోతోందంటే మాత్రం ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకుంటాం. ఈ లెక్క మారాలి.

ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే చేతులవి. రేపు పొద్దున అమ్మ వేళ్లనొకసారి పట్టుకుని చూడండి. వాపుందా? "వాతమేలే" అని మాత్రం అనకండి.