విశాఖ నుంచి హైదరాబాద్‌కు.. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి! స్పెయిన్ డిఫెండర్ ఒడెయ్ కెరీర్ తెలుగు ఫుట్‌బాల్‌కు ఏం చెబుతోంది?

విశాఖపట్నం: గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. ఒడెయ్ ఒనైండియా అలాంటి ఆటగాడే. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి చెందిన ఈ సెంటర్ బ్యాక్ 2020-21, 2022-23 సీజన్లలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడాడు. ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ట్రోఫీ కూడా గెలిచింది. ఇప్పుడు ఆ జట్టే హైదరాబాద్‌లో లేదు. 2025లో ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

ఒక విదేశీ ఆటగాడు వచ్చి వెళ్లడం కొత్తేమీ కాదు. కానీ ఒడెయ్ కెరీర్‌ను వరుసగా చూస్తే తెలుగు రాష్ట్రాల్లో ఫుట్‌బాల్ ఎక్కడ తప్పటడుగు వేసిందో తెలుస్తుంది. ఆ కథలో విశాఖకూ ఒక పాత్ర ఉంది. అదేంటో చూద్దాం.

39 నుంచి 19కి.. ఆ మార్పు ఎలా వచ్చింది?

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి తొలి సీజన్ పీడకలే. 18 మ్యాచ్‌లు ఆడి 39 గోల్స్ ఇచ్చుకుంది. 10 పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత 2020లో రెండు మార్పులు జరిగాయి. కోచ్‌గా స్పెయిన్‌కే చెందిన మనోలో మార్కెజ్ వచ్చాడు. డిఫెన్స్ మధ్యలోకి 30 ఏళ్ల ఒడెయ్ వచ్చాడు.

2020-21 సీజన్‌లో 20 మ్యాచ్‌లకు జట్టు ఇచ్చిన గోల్స్ 19 మాత్రమే. ఓడినవి మూడే మ్యాచ్‌లు. పాయింట్లు 10 నుంచి 29కి పెరిగాయి. మరుసటి ఏడాది 38, ఆ తర్వాత 42. అదే జట్టు ఒడెయ్, మార్కెజ్ ఇద్దరూ వెళ్లిపోయాక 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి తెచ్చుకున్నది 8 పాయింట్లే!

అంతా ఒక్క డిఫెండర్ గొప్పే అనడం సరికాదు. కోచ్ ప్లాన్ ఉంది, ముందువరుసలో ఒగ్బెచే గోల్స్ ఉన్నాయి. అయితే సెంటర్ బ్యాక్ పని కేవలం బంతిని తన్నేయడం కాదు. వెనక నుంచి మైదానమంతా కనిపించేది అతనికే. లైన్ ఎప్పుడు ముందుకు జరపాలి, ఫుల్ బ్యాక్ ఎప్పుడు దూసుకెళ్లాలి, ఎప్పుడు ఆగాలి అని అరిచి చెప్పేది కూడా అతనే. మధ్యలో అలాంటి అనుభవం ఉండబట్టే ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు రెండు అంచుల నుంచి ధైర్యంగా ముందుకెళ్లగలిగారు. ఇద్దరూ తర్వాత భారత జట్టుకు ఆడారు.

కప్పు కొట్టారు.. కానీ సొంతూళ్లో ఒక్క మ్యాచ్ లేదు!

2022 మార్చి 20. గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఐఎస్‌ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. హైదరాబాద్ 3-1తో చాంపియన్ అయింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంతకుముందు సీజన్ కూడా అంతే. అంటే చాంపియన్ జట్టు ఆ రెండేళ్లలో గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. తమ జట్టు ఎదుగుతున్న రోజుల్ని హైదరాబాద్ అభిమాని ఫోన్ స్క్రీన్‌లోనే చూశాడు. ఒడెయ్ సొంత స్టేడియంలో ప్రేక్షకుల మధ్య ఆడటం జనం చూసింది 2022-23 సీజన్‌లోనే.

ఆ సీజన్ ముగింపు కూడా డిఫెండర్ల బతుకు ఎలా ఉంటుందో చూపించింది. ఏటీకే మోహన్ బగాన్‌తో సెమీఫైనల్. హైదరాబాద్‌లో 0-0, కోల్‌కతాలో ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత కూడా 0-0. మొత్తం 210 నిమిషాల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టు పెనాల్టీల్లో 4-3తో ఓడి ఇంటిదారి పట్టింది.

క్లబ్ ఎందుకు చితికింది?

2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఒడెయ్ కూడా అక్కడికే చేరాడు. హైదరాబాద్‌లో మాత్రం బకాయిల గొడవలు ముదిరాయి. ఫిఫా నుంచి ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది. సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు ఆ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే గెలిచింది. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో ఊరే మారిపోయింది.

ఇటు గోవా 2024-25లో లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. 2025 మేలో జంషెడ్‌పూర్‌ను 3-0తో ఓడించి సూపర్ కప్ కూడా కొట్టింది. హైదరాబాద్‌లో కుదిరిన ఫార్ములా గోవాకు కలిసొచ్చిందన్నమాట.

ఇక హైదరాబాద్ డిఫెన్స్‌లో ఒడెయ్ పక్కన ఆడి రాటుదేలిన భారత ఆటగాళ్ల సంగతి చూద్దాం. ఆశిష్ రాయ్ కోల్‌కతాకు, ఆకాశ్ మిశ్రా ముంబైకి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకు వెళ్లారు. వాళ్లలో ఒకరిది సిక్కిం, ఒకరిది ఉత్తరప్రదేశ్, మరొకరిది మణిపూర్. కట్టిమణిది గోవా. ఆ డిఫెన్స్‌లో తెలుగు కుర్రాడు లేడు. అసలు నష్టం ఇదే. క్లబ్ వెళ్లిపోయినా, ఆ పాఠాలు నేర్చుకున్న నలుగురు లోకల్ కుర్రాళ్లు ఉండి ఉంటే ఇక్కడ ఏదో ఒకటి మిగిలేది.

ఇంతకీ విశాఖకు సంబంధం ఏంటి?

ఒడెయ్ హైదరాబాద్ వచ్చిన 2020లోనే మరో పరిణామం జరిగింది. ఐ-లీగ్‌లో కొత్త జట్లకు భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవకాశం ఇచ్చినప్పుడు శ్రీనిధి క్లబ్ విశాఖపట్నం పేరుతోనే ఎంట్రీ సంపాదించింది. పోర్టు సిటీకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ వచ్చేస్తోందని అంతా అనుకున్నారు. కానీ మ్యాచ్‌లు మొదలయ్యే నాటికి అది శ్రీనిధి డెక్కన్‌గా మారింది. బేస్ హైదరాబాద్‌కు మారిపోయింది. ఆ క్లబ్ 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. అప్పట్లో ఐ-లీగ్ విజేతకు ఐఎస్‌ఎల్ ప్రమోషన్ ఉండేది. అంటే విశాఖ చేజారిన జట్టు రెండుసార్లు టాప్ లీగ్‌కు ఒక్క మెట్టు దూరంలో ఆగింది.

ఇలా ఒక క్లబ్ విశాఖ నుంచి హైదరాబాద్‌కు, మరో క్లబ్ హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఐఎస్‌ఎల్‌లో ఇప్పటిదాకా ఒక్క జట్టూ లేదు.

విశాఖలో జనం రారని ఎవరూ అనలేరు. 2024, 2025లో ఢిల్లీ క్యాపిటల్స్ తన ఐపీఎల్ హోమ్ మ్యాచ్‌లు కొన్ని ఇక్కడే ఆడింది. 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ సీజన్ మొదలైంది కూడా విశాఖలోనే. అయితే ఐపీఎల్ జట్టు వచ్చింది, ఆడింది, వెళ్లింది. విశాఖ ఆతిథ్యం ఇచ్చే ఊరే గానీ, సొంత ఫుట్‌బాల్ జట్టు ఉన్న ఊరు కాలేకపోతోంది.

ఒడెయ్ వచ్చిన ఊరు ఎలా ఉంటుంది?

హైదరాబాద్‌కు రాకముందు ఒడెయ్ ఆడిన క్లబ్ పేరు మిరాండెస్. మిరాండా డి ఎబ్రో అనే పట్టణానికి చెందిన జట్టు అది. ఆ ఊరి జనాభా 40 వేల లోపే. విశాఖ జనాభా 2011 లెక్కల ప్రకారమే 17 లక్షలు దాటింది. పోలిక చూస్తే మనకు గాజువాకలో ఓ మూలకు సరిపోయే ఊరు!

కానీ ఆ క్లబ్ 1927 నుంచి అక్కడే ఉంది. స్టేడియం చిన్నదే, సుమారు 6 వేల మంది పడతారు. 2019-20లో ఆ జట్టు స్పానిష్ కప్‌లో సెల్టా విగో, సెవియా, విల్లారియల్ లాంటి పెద్ద జట్లను ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లింది. జట్టు కింది డివిజన్‌కు పడిపోయినా, పైకి లేచినా ఊరు మాత్రం మారలేదు. కోచ్‌లు మారతారు, ఆటగాళ్లు వస్తారు పోతారు. ఊరి పేరు జెర్సీ మీదే ఉంటుంది.

ఇక్కడ జరిగింది సరిగ్గా దానికి రివర్స్. ఫ్రాంచైజీ మోడల్‌లో ముందు యజమాని వస్తాడు, తర్వాత ఊరిని వెతుక్కుంటాడు. లెక్కలు కుదరకపోతే ఊరు మార్చేస్తాడు. ఇప్పుడు ఐఎస్‌ఎల్‌కే కష్టాలొచ్చాయి. కమర్షియల్ హక్కుల ఒప్పందం సమస్యతో 2025-26 సీజన్ అనుకున్న సమయానికి మొదలే కాలేదు. ఇలాంటప్పుడు మరో ఫ్రాంచైజీ కోసం విశాఖ ఎదురుచూడటంలో అర్థం లేదు.

మరి చేయాల్సిందేంటి?

రహీం కోచింగ్‌లో భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రహీం హైదరాబాదీ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. అంటే అప్పట్లో ఆటను నిలబెట్టింది ఫ్రాంచైజీలు కాదు, ఊరిలో ఉండే సంస్థలు. విశాఖలో స్టీల్ ప్లాంట్, పోర్టు, రైల్వే, నేవీ ఉన్నాయి. వీటి మధ్య ఏటా పక్కాగా సాగే సిటీ లీగ్, దానికి అనుబంధంగా అండర్-13, అండర్-15 జట్లు ఉంటే చాలు.. పునాది పడుతుంది. స్టీల్ ప్లాంట్ తన కష్టాల్లో తాను ఉన్న మాట నిజమే. కానీ కుర్రాళ్ల లీగ్‌కు కావాల్సింది కోట్లు కాదు. గ్రౌండ్, రిఫరీ, తేదీ తప్పని షెడ్యూల్.

ఒడెయ్ ఒక బలహీనమైన డిఫెన్స్‌ను నిలబెట్టడంలో పెద్ద చేయి వేశాడు. తన పని తాను చేసి వెళ్లాడు. ఆ పని చూసి నేర్చుకునే తెలుగు కుర్రాడిని పక్కన నిలబెట్టే బాధ్యత మాత్రం అతనిది కాదు. అది క్లబ్‌ది, అసోసియేషన్లది, ప్రభుత్వాలది. రేపు మరో ఒడెయ్ వచ్చినా, పక్కన నిలబడటానికి మన పిల్లాడు సిద్ధంగా లేకపోతే రిజల్ట్ మళ్లీ ఇదే!