రోహిణి ఎండా, రోహిణి విమానమూ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ మాట ఎలా ఉన్నా, ఆ రోజుల్లో అల్లూరులో పదకొండు గంటలు దాటాక బయటికి వచ్చినవాడికి మాడు పగులుతుందన్నది మాత్రం నిజం. మనుషులందరూ వసారాల్లో విసనకర్రలు వెతుక్కుంటూ ఉంటే ఊరిమీది గద్దలకు మాత్రం అదే పండగ. నెత్తిన తుండుగుడ్డ వేసుకుని ఒక్క నిమిషం పైకి చూడండి. గద్ద రెక్క ఆడించదు. ఊరికే చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకూ ఒక్కొక్క మెట్టెక్కినట్టు పైకిపోయి, చివరకు నలుసంతయి కంటికి ఆనకుండా పోతుంది.

ఇందులో గద్ద గొప్పతనం సగమే. తక్కిన సగం ఎండది. కోతలయి బీటలువారిన చేలూ, డొంకలూ, ఇళ్ళ కప్పులూ కాగితే వాటినంటుకున్న గాలి కూడా కాగి, తేలికపడి పైకి లేస్తుంది. పక్కనే ఉన్న చెరువు మీద అలా లేవదు. నీరు అంత త్వరగా కాగదు. గద్ద తన బరువుకు తాను కిందికే జారుతూ ఉంటుంది. కాని అది గజం జారేలోపల గాలి దాన్ని రెండు మూడు గజాలు ఎత్తుతుంది. ఎక్కడ గాలి లేస్తున్నదో పసిగట్టి అక్కడే తిరగడం, ఆ ఎత్తు ఖర్చుపెట్టుకుంటూ ఇంకో చోటికి జారడం, అక్కడ మళ్ళీ ఎక్కడం. ఇంజను లేని విమానం, అంటే గ్లైడరు, చేసే పనీ అచ్చంగా ఇంతే.

మన దేశపు గ్లైడర్లకు పేర్లు పెట్టినవారు పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నారేమో అనిపిస్తుంది. ఢిల్లీలో పౌర విమానయాన శాఖవారి సాంకేతిక కేంద్రంలో రూపుదిద్దుకున్న వాటి పేర్లు చూడండి: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. పుట్టిన వరస అటూ ఇటూ అయినా మొదటి ఆరు నక్షత్రాల్లో ఒక్కటీ తప్పలేదు. ఎస్. రామామృతంగారు రూపొందించిన రోహిణి 1961 మే 10న మొదటిసారి ఎగిరింది. కార్తెకు రెండు వారాలు ముందే వచ్చిందన్నమాట! కర్రతో చేసిన విమానం. గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చునేవారు. ఎన్.సి.సి. కుర్రవాళ్ళు ఎందరో ఇందులోనే మొదటిసారి నేల విడిచారు. ఆర్ద్ర 1979లో వచ్చింది.

గ్లైడరును పైకి పంపడం గాలిపటం ఎగరేసినట్టే. మైదానం ఆ చివర మోటారు పెట్టి, దాని చక్రానికి పొడుగాటి ఉక్కు తాడు చుట్టి లాగుతారు. గ్లైడరు నిటారుగా లేచి, పైకి చేరగానే తాడు వదిలేస్తుంది. లేదా చిన్న విమానం ఒకటి దాన్ని తోక పట్టుకుని లాక్కుపోయినట్టు పైకి తీసుకుపోతుంది. అక్కణ్ణుంచి దాని బతుకు దానిది. అల్లూరు మీద కిలోమీటరు ఎత్తున వదిలారనుకోండి. గాలి సాయం లేకపోయినా, పాత కర్ర గ్లైడరు ఇరవై కిలోమీటర్లు జారి కోవూరు దరిదాపుల్లో దిగుతుంది. ఈ కాలపు నాజూకు గ్లైడరయితే యాభై కిలోమీటర్లు పోగలదు. నెల్లూరు వెనక్కి పోతుంది. ఇక గాలి సాయం కూడా దొరికితే? హాన్స్ వెర్నర్ గ్రోస్ అనే జర్మను 1972 ఏప్రిల్ 25న బాల్టిక్ తీరానికి దగ్గరి ల్యూబెక్ నుంచి బయలుదేరి, ఫ్రాన్సులో అట్లాంటిక్ ఒడ్డున బియారిట్జ్‌లో దిగాడు. ఒక్క పగటిలో 1,460 కిలోమీటర్లు! అల్లూరులో పొద్దున లేచి లక్నో దాటినట్టు. కొండ దాటిన గాలి, ఏట్లో బండ దాటిన నీరులా ఎగిరిపడుతుంది. ఆ అలల మీద క్లౌస్ ఓల్మన్ 2003లో అర్జెంటీనాలో 3,000 కిలోమీటర్లు పూర్తిచేశాడు. అదే దేశంలో 2018లో పెర్లాన్ అనే గ్లైడరు 74,000 అడుగుల పైకి పోయింది.

పందేలూ ఉన్నాయి. ప్రపంచ పోటీలు 1937లో జర్మనీలో మొదలైనాయి. ఇప్పటి పోటీల్లో దూరంకంటే వేగానికే ఎక్కువ విలువ. చెప్పిన మలుపులన్నీ చుట్టి ఎవడు ముందు వస్తే వాడు గెలిచినట్టు. ఇక్కడొక చిక్కుంది. వేగంగా పోతే ఎత్తు గబగబా కరిగిపోతుంది. నెమ్మదిగా పోతే పక్కవాడు దాటిపోతాడు. 1956లో ప్రపంచ విజేత అయిన పాల్ మెక్రెడీ అనే అమెరికను దీనికి లెక్క కట్టాడు: ముందు దొరకబోయే గాలి ఎంత బలమైనదో అంత వేగంగా పో. ముందు ఊళ్ళో చేబదులు పుడుతుందని తెలిసినవాడు చేతిలో రూకలు ధారాళంగా ఖర్చుపెట్టినట్టు! (మనిషి తొక్కితే ఎగిరే విమానం చేసి 1977లో బహుమతి కొట్టినవాడూ ఇతడే.)

మరి ముందు ఊళ్ళో అప్పు పుట్టకపోతే? ప్రాణాలు పోయేది అక్కడే. గాలి చచ్చింది, నేల దగ్గరపడుతున్నది, "ఆ తోపు దాటితే దొరుకుతుందేమో" అని ఆశ. ఆ ఆశతో కిందనే, నెమ్మదిగా, ఇరుకుగా మలుపు తిప్పుతాడు. రెక్క గాలి పట్టు తప్పుతుంది. గ్లైడరు బొంగరంలా తిరిగి కూలుతుంది. పైన అయితే సరిదిద్దుకోవచ్చు. కింద అందుకు చోటే ఉండదు. కొంగల ఎగురుడు ఏళ్ళతరబడి గమనించి, గ్లైడరు విద్యకు ఓనమాలు దిద్దిన ఒట్టో లిలియెంథాల్ 1896 ఆగస్టులో ఇలాగే రెక్క పట్టు తప్పి, పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడి మర్నాడు చనిపోయాడు. పది నిలువుల ఎత్తయినా లేదు.

అందుకే గురువులు ముందుగా నేర్పేది వదులుకోవడం. 2,000 అడుగులకు వచ్చేసరికి దిగదగిన చోటు చూసుకోవాలి. 1,500కు ఫలానా చేను అని తేల్చుకోవాలి. 1,000కి వచ్చాక గాలి కోసం వెతకడం కట్టిపెట్టి దిగే పనే చూడాలి. పోటీలో ఉన్నవాడికి ఇది కాలకూటం తాగినట్టుంటుంది. పొద్దుటినుంచీ సంపాదించిందంతా పోయి, ఎవరి చేలోనో కూర్చుని బండి కోసం ఎదురుచూడాలి. అయినా తప్పదు. ఒకప్పుడు ఎంతసేపు గాలిలో ఉండగలరన్న రికార్డు కూడా ఉండేది. 1952లో చార్లెస్ అట్జే అనే ఫ్రెంచివాడు యాభై ఆరు గంటలు ఎగిరాడు. ఆ తరవాత కునుకు పట్టి కూలినవారు ఉండడంతో, ఇది విద్య కాదు, నిద్ర కాచుకోవడం అని ఆ లెక్క మానేశారు. మంచిపని చేశారు. ఒకే గాలిలో పది గ్లైడర్లు చేరి చుట్లు తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా హెచ్చరించే ఫ్లార్మ్ అనే యంత్రం 2004 నుంచి వాడుకలో ఉంది. కాని ఏ యంత్రమూ "దిగిపో" అని చెయ్యి పట్టుకుని దింపదు.

అల్లూరు మీద ఈ విద్య సాగుతుందా అంటే, ఉదయం సాగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి రాగానే నేల చల్లబడి, లేచే గాలి చచ్చిపోతుంది. మనకు ప్రాణం లేచొచ్చే వేళకు గ్లైడరువాడి ప్రాణం పోతుందన్నమాట. అయితే ఆ చల్లగాలి లోపలికి తోసుకువచ్చే అంచున వేడిగాలి ఎగదన్నుతుంది. తెలిసినవాడు ఆ అంచు పట్టుకుని ఎక్కి, పడమటగా వెలిగొండల వైపు జరుగుతాడు. తెలియనివాడు ఇసకపల్లి వైపు చిక్కుకుంటాడు. అక్కడ దిగడానికి ఏముంది? రొయ్యల గుంటలూ, వాటి గట్లూ, కరెంటు తీగలూ, సరుగుడు తోపులూ. ఎండాకాలం కోసిన వరిచేను నయం. నాట్లు వేసిన చేలో దిగితే గ్లైడరు ముక్కు దిగబడి తలకిందులవుతుంది.

వదులుకోవడం పెద్ద విమానానికీ పనికొచ్చింది. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగు, కిలోల లెక్కన పోయవలసిన చమురును పౌన్ల లెక్కన పోయడంతో, 41,000 అడుగుల ఎత్తున ఎండిపోయింది. రెండు ఇంజన్లూ ఆగాయి. కెప్టెను బాబ్ పియర్సన్ సరదాకు గ్లైడర్లు నడిపేవాడు. ముందు విన్నిపెగ్ చేరాలనుకున్నారు. పక్కనున్న పైలటు లెక్కవేసి అందదన్నాడు. వెంటనే ఆ ఆశ వదిలి, మూతపడిన గిమ్లీ సైనిక స్థావరం వైపు తిప్పారు. ఎత్తు ఎక్కువైపోతే, గ్లైడరు దించినట్టు పక్కవాటుగా జార్చి దించాడు. కింద ఆ రోజు కార్ల పందేలు జరుగుతున్నాయి. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. కిందివారిలో ఎవరికీ దెబ్బ తగలలేదు.