మూత తీయరాదట!

మా మేనల్లుడు విశాఖపట్నంలో సముద్రంలోకి దూకి జీతం తెచ్చుకుంటాడు. నవ్వకండి, అదీ ఒక ఉద్యోగమే. యాత్రికుల వీపుకు గాలి సిలిండరు కట్టి, నీళ్ళ అడుగున చేపలను చూపించి, క్షేమంగా ఒడ్డుకు చేర్చడం వాడి పని. మొన్న సంక్రాంతికి జనగామ వచ్చినప్పుడు వాడి ముంజేతికి బిళ్ళంత నల్ల గడియారం ఒకటి కనిపించింది. "టైమెంతరా?" అంటే "చచ్చిపోయింది మామా" అన్నాడు. పండగపూట ఆ మాటలేమిట్రా అని మా ఆవిడ కసిరింది.

చచ్చింది బ్యాటరీ. అయితే అది ఉత్త గడియారం కాదు, డైవ్ కంప్యూటరు. నీళ్ళలో 10 మీటర్లు దిగినకొద్దీ ఒక్కో వాతావరణమంత బరువు మీద పడుతుంది. 30 మీటర్ల అడుగున మనిషి పీల్చే గాలి మామూలుకంటే 4 రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. ఆ గాలిలోని నత్రజని రక్తంలో, కొవ్వులో కరిగి కూర్చుంటుంది. తొందరపడి పైకి వచ్చాడా, గోలీసోడా కొట్టినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. ఎంత లోతున ఎంతసేపు ఉంటే పైకి వస్తూ ఎక్కడెక్కడ ఆగాలో, హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద పరీక్షలు చేసి 1908లో పట్టికలు కట్టాడు. ఆ లెక్కను ఈ నల్లబిళ్ళ నీళ్ళలో క్షణక్షణానికీ కట్టి చూపిస్తుంది. అడుగున ఉండగా అది కన్ను మూసిందంటే మనవాడు పని ఆపి, జాగ్రత్తగా పైకి రావలసిందే.

మరి బ్యాటరీ మార్పించరాదా అన్నాను. కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారట: 'మీ రకానికి బ్యాటరీ మార్పిడి సౌకర్యం లేదు. మూత తీయరాదు. కొత్తది కొంటే ధరలో తగ్గింపు ఇస్తాము.' రూపాయి నాణెమంత బ్యాటరీ అయిపోతే వేలరూపాయల వస్తువు పారెయ్యాలట! ఎద్దుకు నాడా అరిగిందని ఎద్దునే మార్చమన్నట్టుంది.

సరే పదమని వాణ్ణి మా గడియారాలాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయనది తండ్రినాటి దుకాణం. బెంగుళూరులో 1961లో మొదలైన హెచ్ఎంటీ వారి వాచీల తయారీ 2016లో మూతపడింది గాని, ఆయన సొరుగులో ఆ వాచీల కీలు, ముళ్ళు ఇంకా పొట్లాలు కట్టి ఉన్నాయి. కంటికి అద్దం బిగించి, నాలుగు మరలు విప్పి, మూత తీశాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

"బ్యాటరీదేమున్నది సారూ, అయిదు నిమిషాల పని. గీ రింగు సూడుండ్రి. గుండ్రంగ ఉండాల్సింది, నలిగి నలిగి సప్పగైంది. పాతదే ఏసి మూత బిగిస్తే పిల్లగాన్ని మునగమని నేనే తోలినట్టు. నాతోని కాదు."

నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటే నా కథ వేరు. 2015 పుష్కరాలకు కాళేశ్వరం వెళ్ళే ముందు మహబూబాబాదులో నా చేతివాచీకి బ్యాటరీ వేయించాను. రింగు కూడా మార్చమంటారా అని ఆ మనిషి అడిగాడు. దానికో ఇరవై రూపాయలు అదనమనేసరికి, వాచీ వెనక 30 మీటర్లని చెక్కి ఉంది కదయ్యా, గోదావరి అంత లోతుందా అని వాదించి గెలిచాను. మూడు మునకలు వేసేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. సాయంత్రానికి ముల్లు ఆగింది. ఆ 30 మీటర్లు కొత్త రింగు మీద, కదలని నీళ్ళలో చేసే పరీక్ష తాలూకు అంకె. అంత లోతుకు దిగవచ్చునని భరోసా కాదని తరవాత తెలిసింది. తల వెంట్రుక ఒకటి అడ్డుపడినా చాలు, ఆ రబ్బరు రింగు నీటిని ఆపలేదు.

కనక కంపెనీవారి భయం ఉత్తదని నేననను. తెలియని చెయ్యి మూత తీస్తే ప్రాణానికే ముప్పు. కాని మా అల్లుడు భూపాలపల్లిలో సింగరేణి గనిలో దిగుతాడు. అతని తలమీది దీపాన్ని గని లోపల విప్పడానికి వీల్లేదు. ఎవరూ విప్పరు కూడా. పైకి రాగానే ల్యాంపురూములో అప్పగిస్తే, పని తెలిసినవాడు పరీక్షించి, ఛార్జింగు పెట్టి, మళ్ళీ చేతికిస్తాడు. తాళం ఉంది, తాళంచెవి గట్టుమీదే ఉంది! దీపం ఆరిందని గనికార్మికుణ్ణి కొత్త దీపం కొనుక్కోమన్న వాళ్ళు లేరు.

ఐరోపావారు 2023లో ఒక చట్టం చేశారు. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలను కొన్నవాడే మార్చుకునే వీలుండాలి. నీళ్ళలో వాడే కొన్నిటికి మినహాయింపు ఇస్తూ, వాటినైనా కంపెనీతో సంబంధం లేని నిపుణుడు మార్చగలగాలి అన్నారు. ఆ నిపుణుడు మా జనగామ గడియారాలాయన ఎందుకు కాకూడదు? మన ప్రభుత్వమూ 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' అని పోర్టల్ తెరిచి, మరమ్మతు వివరాలు అక్కడ పెట్టండని కంపెనీలను కోరింది. కోరికే గాని ఆజ్ఞ కాదు.

బ్యాటరీ, రింగు, కాస్త గ్రీజు కలిపి పొట్లంగా అమ్మే డైవ్ కంప్యూటరు కంపెనీలు లోకంలో లేకపోలేదు. ఒకరికి సాధ్యమైంది ఇంకొకరికి ఎందుకు కాదు? నేనడిగేది తగ్గింపు కాదండీ. రింగు కొలత చెప్పండి, రింగు అమ్మండి, మూత బిగించాక ఎంత ఒత్తిడిలో పెట్టి చూడాలో కాగితం మీద రాసివ్వండి. కూలి మా వాళ్ళు ఇచ్చుకుంటారు.

మా వాడు అరువు బిళ్ళ ఒకటి చూసుకుని విశాఖ వెళ్ళిపోయాడు. పాతది దుకాణంలో గాజుమూత కింద ఉంది. కొత్త బ్యాటరీ వేశాడు, టైము చక్కగా చూపిస్తోంది. రింగు కొలత క్యాలెండరు మీద రాసి, హైదరాబాదులో ఎవరికో చెప్పి పెట్టాడట. "రింగు దొరికినా సరే సారూ, ప్రెషరు డబ్బాల పెట్టి సూసినంకనే ఇస్త" అంటున్నాడు. ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుందో ఇద్దరం కలిసి వెతుకుతున్నాం.