తాళి కట్టిన చేయి సంతకము చేయదేల?

ఉద్దానపు తీరమున పుట్టినవానికి పరదేశయాత్ర క్రొత్త కాదు. ‘రంగము పోయినాడు’ అను మాట మన తాతల కాలమున ఊరూర వినవచ్చెడిది. రంగమనగా రంగూను పట్టణము. నేడా మాట మాసిపోయినది. దాని స్థానమున గల్ఫు దేశములు, సింగపూరు, మలేషియా, థాయిలాండు నిలిచినవి. జీడితోటయు కొబ్బరితోటయు ఇంటిల్లిపాదిని పోషింపజాలనప్పుడు, 2018 అక్టోబరునాటి తిత్లీ తుపాను వంటి ఉపద్రవము ఏండ్లతరబడి పెంచిన చెట్లను ఒక్క రాత్రిలో నేలగూల్చినప్పుడు, తాత ఓడ యెక్కినట్లే మనుమడు విమానమెక్కుచున్నాడు. అట్లు పోయినవారిలో కొందఱు అచ్చటి స్త్రీలను వివాహమాడుచున్నారు. వారి సంఖ్య స్వల్పమే కావచ్చును. కాని ఆ వివాహములను మన గ్రామములు చూచు దృష్టియు, ఆ యువకులు వానిని నిర్వహించు తీరును స్వల్పవిషయములు కావు.

మా వాదమును మొదటనే చెప్పెదము. థాయి కన్యను పెండ్లాడుటలో దోషము లేదు. ఆ పెండ్లిని కాగితముపైకి ఎక్కింపకుండుటలో ఘోరమైన దోషము కలదు. నమోదు కాని వివాహము పురుషునికి తప్పించుకొను త్రోవ; స్త్రీకిని శిశువునకును దిక్కులేని గతి. రంగమునందు మనవారిలో పలువురు ఈ అపచారమును ఒకసారి చేసియున్నారు. రెండవసారి చేయుటకు మనకు అధికారము లేదు.

గతమును కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడియుండిరి. రంగూను నగర జనసంఖ్యలో సగము మించి మనదేశపువారే. వారిలో తెలుగువారు లెక్కింపదగినంత మంది. రేవులలో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారు, రిక్షాలు లాగినవారు అనేకులు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పోయినవారే. పాత కోరంగి రేవు పేర మనవారిని ‘కొరంగీ’లని అచ్చట పిలిచెడివారు. వీరిలో అత్యధికులు భార్యాబిడ్డలను ఇంటనుంచి ఒంటరిగా పోయిన పురుషులు. ఏండ్లు గడచినకొలది పలువురు బర్మా స్త్రీలతో కాపురములు పెట్టిరి. ఆ స్త్రీ వండిపెట్టెను, జ్వరము వచ్చినప్పుడు కాచెను, బిడ్డలను కనెను. కాని ఆనాటి హిందూ ధర్మశాస్త్రము ప్రకారము బౌద్ధస్త్రీతో హిందువు చేసికొనిన పెండ్లి న్యాయస్థానములలో నిలువలేదు. భర్త మరణించినను, స్వదేశమునకు మరలినను, ఆమె ‘భార్యను’ అని నోరు తెఱచి చెప్పుకొనుటకు ఆధారము లేకపోయెను. ఏరు దాటిన పిదప తెప్ప తగులబెట్టినవారు మనవారిలో లేరని ఎవరు చెప్పగలరు?

దాని ఫలితమేమైనది? 1930 మే నెలలో రంగూనునందు తెలుగు రేవు కూలీలపై జరిగిన దౌర్జన్యమునకు కూలి తగవు కారణము. దానికి వివాహముల నింద అంటగట్టుట న్యాయము కాదు. కాని 1938 అల్లర్లపై విచారించిన సంఘము, బర్మా ప్రజల మనస్తాపములలో ఈ వివాహముల సమస్యనుగూడ పేర్కొన్నది. 1939లో బర్మా శాసనసభ బౌద్ధస్త్రీల వివాహ వారసత్వములనుగూర్చి ప్రత్యేక చట్టమే చేసెను. 1941 నాటి భారత–బర్మా వలస ఒడంబడిక మఱియొక మెట్టు పైకిపోయి, బర్మా స్త్రీని పెండ్లాడుటనే వలసదారుని అనుమతిని రద్దుచేయుటకు కారణముగా చేయవచ్చునని పలికెను. గాంధీ మహాత్ముడు ఆ ఒడంబడికను ఖండించెను. ఆ ఖండన న్యాయమైనదే. ఐనను, పరులు మనలను అవమానించుటకు వాడిన కఱ్ఱ మన పెరటిలో నఱికినదే యను సత్యమును మనము మఱువరాదు.

పిమ్మట 1942లో జపాను సేనలు వచ్చినవి. సుమారు నాలుగైదు లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను, ఓడలమీదను స్వదేశమునకు చేరిరి. వేలకొలది మంది దారిలోనే నేలకొరిగిరి. 1964లో బర్మా సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మఱియొక వలస వచ్చెను. విశాఖపట్టణమున కంచరపాలెమునందలి ‘బర్మా క్యాంపు’ పేరు దానికి నేటికిని సాక్ష్యము. ఈ రెండు మహాప్రవాహములలోను కుటుంబములు చీలిపోయినవి. అట్టి దినమున ఎవడు ఎవరి భర్త, ఏ బిడ్డ ఏ దేశమువాడు అను ప్రశ్నకు ప్రేమ సమాధానము చెప్పజాలదు. కాగితమే చెప్పవలెను.

ఇప్పుడు నేటి సంగతికి వత్తము. మమ్ములను ఎదుర్కొను వాదములు రెండు.

మొదటిది పెద్దల వాదము. ‘పరదేశపు పిల్ల వచ్చినచో వంశము చెడును, మన ఆచారములు మంటగలియును’ అని వీరందురు. అయ్యలారా, ఆ పిల్ల బుద్ధునికి మ్రొక్కునది. శాలిహుండము కొండమీద బౌద్ధస్తూపములను భద్రపఱచుకొనిన జిల్లాకు బుద్ధుడు పరాయివాడెట్లగును? వరుడే కన్యయొక్క తల్లిదండ్రులకు సొమ్ము చెల్లించు ఆచారము థాయి దేశమున నేటికిని కలదు. దానిని వారు ‘సిన్ సొత్’ అందురు. మన పూర్వులు దానినే ఓలి యనిరి. కట్నము కొఱకు ఆడపిల్ల తండ్రిని అమ్ముకొనునట్లు చేయు మనము, ఓలి యిచ్చి తెచ్చుకొను పెండ్లిని చూచి ఆచారమునుగూర్చి ఉపన్యసించుట వింతగా నున్నది.

ఈ పెద్దల యసలు భయము వేఱు. కొడుకు పంపు సొమ్ము రెండిండ్లకు చీలునని వారి భయము. అది అబద్ధము కాదు. థాయి కుటుంబములలో కూతురు తల్లిదండ్రులను పోషించుట పుణ్యకార్యముగా తలంతురు. ఉద్దానమున కొడుకు పోషింపవలెను. ఇట్లొక్క జీతముపై రెండిండ్ల కన్నులు పడును. దీనికి మందు దాపరికము కాదు. పెండ్లికి ముందే ఇరుపక్షములవారును కూర్చుండి, అచ్చటికెంత, ఇచ్చటికెంత యని తేల్చుకొనవలెను. ఈ మాట నోటితో చెప్పుటకు సిగ్గుపడు తండ్రులే, కొన్నాళ్లకు వకీలు గుమ్మమెక్కి, ‘బాబూ, వాడక్కడ ఏదో కట్టుకున్నాడు, అది లెక్కలోనిది కాదు కదా, ఇక్కడ మేనరికము చేసేయవచ్చునా?’ అని అడుగుదురు. వారికి మా ప్రత్యుత్తరమొక్కటే. అచ్చట చట్టప్రకారము పెండ్లి జరిగియున్నచో, టెక్కలిలో రెండవ తాళి కట్టుట భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద నేరము. ఏడేండ్లవఱకు కారాగారవాసము విధింపవచ్చును. ఒక్క తాళితో ఇద్దఱు ఆడుబిడ్డల బ్రదుకులు పాడగును: అచ్చటి ఆమెది, ఇచ్చటి ఆమెది.

రెండవది యువకుల వాదము. ‘మనసులు కలిసినవి. భిక్షువులు దీవించినారు, చేతికి దారము కట్టినారు. ఇంక కచేరీతో పనియేమి?’ అని వీరందురు. నాయనలారా, ఆ దేశపు చట్టమునే చూడుడు. థాయి పౌర వాణిజ్య స్మృతి 1457వ సెక్షను ప్రకారము నమోదైన వివాహమే వివాహము. భిక్షువుల దీవెనయు, బంధువుల విందును శుభకార్యములే గాని, చట్టము దృష్టిలో అవి పెండ్లి కావు. అచ్చటి ‘ఆంఫో’ కచేరీలో పేర్లు వ్రాయించిననే ఆమె భార్య. దానికి ముందు బ్యాంకాకునందలి మన రాయబార కార్యాలయమునుండి అవివాహితుడనని ధ్రువపత్రము తీసికొని, థాయి భాషలోనికి అనువదింపించి, ఆ దేశపు విదేశాంగశాఖచే ధ్రువీకరింపించవలెను. ఇది నాలుగు దినముల తిరుగుడు. నాలుగు దినములు తిరుగలేనివాడు నలువదేండ్లు కాపురమెట్లు చేయును?

అచ్చట నివసింపదలచినవాడు తెలిసికొనవలసినవి మఱికొన్ని కలవు. విదేశీయుడు థాయిలాండునందు సాధారణముగా భూమికి యజమాని కాజాలడు. 1954 నాటి భూస్మృతి దానిని నిషేధించుచున్నది. ఇల్లు తన పేర నుండవచ్చును గాని నేల భార్య పేరనే యుండును. ఆ నేల కొనినప్పుడు, వెచ్చించిన సొమ్ము భార్యదేయని భర్త వ్రాసి యిచ్చుట అచ్చటి కచేరీల పద్ధతి. థాయి భార్యగలవాడను కారణమున ఏటేట నివాసపు అనుమతి పొందుటకు, బ్యాంకులో నాలుగు లక్షల బాతులనైనను, నెలకు నలువది వేల బాతుల ఆదాయమునైనను చూపుట అచ్చటి నియమము. తొంబది దినములకొకసారి తన చిరునామాను తెలుపుకొనవలెను. ఇవన్నియు తెలియక, తోట తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ముతో నేల కొని, తగవు వచ్చిననాడు లబోదిబోమనుటవలన లాభమేమి?

మన దేశపు చట్టము మాట చెప్పెదము. రంగమునాడు బర్మా స్త్రీకి నిరాకరింపబడిన హక్కు నేడు థాయి స్త్రీకి కలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము బౌద్ధులనుగూడ తన పరిధిలోనికి తీసికొన్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఏ మతమువారికైనను త్రోవ చూపుచున్నది. 1976 సవరణ పిమ్మట హిందువునకును బౌద్ధురాలికిని ఆ చట్టము క్రింద పెండ్లి జరిగినను, వారసత్వము హిందూ వారసత్వ చట్టము ననుసరించియే నడచును. అనగా భర్త వీలునామా వ్రాయక మరణించినచో, ఆ విధవ బిడ్డలతోను అత్తగారితోను సమానముగ మొదటి తరగతి వారసురాలు. విదేశమున ఆ దేశపు చట్టము ప్రకారము జరిగిన పెండ్లిని 1969 నాటి విదేశీ వివాహ చట్టము 17వ సెక్షను క్రింద మన రాయబార కార్యాలయమునందు నమోదు చేయించుకొనవచ్చును. ఇచ్చట జరిగిన పెండ్లికి 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టము ఉండనేయున్నది. ఇన్ని ద్వారములు తెఱచియుండగా గోడ దూకుట మనవారికేల ప్రియమైనదో!

బిడ్డల సంగతి అన్నిటికంటె ముఖ్యము. థాయిలాండున పుట్టిన శిశువు తల్లివలన థాయి పౌరసత్వము పొందును. తండ్రి భారతీయుడైనను, భారత పౌరసత్వము దానంతటది రాదు. పుట్టిన ఏడాదిలోగా మన రాయబార కార్యాలయమునందు నమోదు చేయింపవలెను. ఆ బిడ్డకు వేఱొక దేశపు పాసుపోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటింపవలెను. రెండు పౌరసత్వములను మన రాజ్యాంగమును చట్టమును అంగీకరింపవు. ఈ ఏడాదిని అజాగ్రత్తచే జారవిడిచిన తండ్రి, తన బిడ్డను తన తాతయింటనే వీసాతో తిరుగు అతిథిగా చేయుచున్నాడు.

యువకులను మందలించి ప్రభుత్వమును విడిచిపెట్టుట న్యాయము కాదు. ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లికి ముందు ముప్పది దినములు ఒకరైనను ఆ జిల్లాలో నివసింపవలెను. పిమ్మట నోటీసు కచేరీ గోడకెక్కి ముప్పది దినములు వ్రేలాడవలెను. నలువది దినముల సెలవుపై వచ్చిన కార్మికుడు ఈ గడువులను ఎట్లు తీర్చగలడు? అభ్యంతరములు చెప్పుటకు ఊరంతటిని పిలిచినట్లున్న ఈ నోటీసును, వధూవరులు కోరిననే ప్రకటింపవలెనని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పెను. దానిని చట్టముగా దేశమంతట ఏల అమలుపఱుపరాదు? నమోదైన పెండ్లి రెండేండ్లు నిలిచినగాని భార్య ఓసీఐ కార్డుకు అర్హురాలు కాదు. పౌరసత్వమునకైనచో దరఖాస్తునకు ముందు ఏడేండ్లు ఇచ్చట నివసించియుండవలెను. కార్డు వచ్చినను వోటు లేదు. సాగుభూమిని, తోటను కొనుటకు హక్కు లేదు, వారసత్వముగా మాత్రము పొందవచ్చును. ఉద్దానమున ఆస్తి యనగా తోటయే గదా! కోడలు ఏ తోటలో నీరు పోసి పెంచినదో ఆ తోట ప్రక్క సెంటు నేలయైనను తన పేర కొనుటకు ఆమెకు వీలు లేదు. దీనిని సవరింపుడని అడుగుట మన ధర్మము.

ఐతే ప్రభుత్వముకంటె ముందు ఇల్లు మారవలెను. మన ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో పాఠకులకు చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీ ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. ఐనను, డయాలిసిసునకు పోయి వచ్చు మామగారిని చూచుకొనువారు ఇంటి ఆడువారే. భాష రాని కోడలు ఆ యింట అడుగిడినప్పుడు, ఆమెకు కూలిలేని సేవకురాలి స్థానమిత్తురా, కోడలి స్థానమిత్తురా? ఆమె వంటను ఎక్కిరించి, ఆమె పేరును పలుకలేక నవ్వి, ఆమె పాసుపోర్టును అత్తగారి పెట్టెలో తాళమువేసి యుంచు ఇంటిని మేము సంస్కారవంతమైన ఇల్లని చెప్పజాలము. ఆమె పాసుపోర్టు ఆమెది. ఆమె తల్లితో మాటలాడు ఫోను ఆమెది. తెలుగు నేర్పువారొకరు, ఆమెతో వైద్యుని యొద్దకు పోవువారొకరు ఉండవలెను.

కావున పలాస, టెక్కలి, సోంపేట పట్టణములలోని గ్రంథాలయములకు వచ్చు విద్యావంతులకు మా విజ్ఞప్తి. పరదేశమునకు పోవు యువకుడు పాసుపోర్టు దరఖాస్తు వ్రాయించుకొనుటకు మీ యొద్దకే వచ్చును. ఆనాడే అతనికి వివాహ నమోదును, శిశువు నమోదును, భూమి నియమములను వివరింపుడు. రహస్యముగ రెండవ పెండ్లి తలపెట్టిన తండ్రికి ముహూర్తము పెట్టకుడు, పత్రిక అచ్చువేయకుడు, విందుకు పోకుడు. చట్టప్రకారము పెండ్లాడి వచ్చిన జంటకు ఊరివారందఱు కలిసి స్వాగతమిండు.

రంగమున మన తాతలు విడిచివచ్చిన స్త్రీలకు నేడు మనము చేయగల న్యాయమేదియు లేదు. వారు గతించిరి; వారి పేర్లను ఏ రిజిస్టరునందును ఎవరును వ్రాయలేదు. నేడు వచ్చు కోడలి పేరు వ్రాయుటకు రిజిస్టరు తెఱచియున్నది. తాళి కట్టిన చేయి కలము పట్టుకొనవలెను.